కుడివైపు దీపం

మా బావ మోటారు సైకిలు మీద వెళుతూ కుడివైపు తిరగాల్సి వస్తే, చెయ్యి చాపేది ఆయన కాదు, వెనక కూర్చున్న మా అక్క. ఎనభైల మొదట్లో గోపాలపట్నం నుంచి హార్బరు వైపు పొద్దున్నే డ్యూటీకి వెళ్లినవాళ్లలో చాలామంది ఆ జంటను చూసే ఉంటారు. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్లు బండెక్కితే కాళ్లు రెండూ ఒకవైపే వేసి కూర్చునేవారు. అలా కూర్చుంటే కుడిచెయ్యి బారుగా చాపడానికి వీలుండదు. అందుకని మా అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుని, అటో కాలూ ఇటో కాలూ వేసి తిన్నగా కూర్చునేది. మలుపు దగ్గర పడుతుండగా బావ తల కొంచెం కుడివైపు వంచేవాడు. ఆ సైగ చాలు, ఆమె చెయ్యి చాపేది. బండి మలుపు తిరిగి మళ్లీ తిన్నగా అయ్యేదాకా దించేది కాదు.

ఆయన మాకు మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ తర్వాతా కూడా అక్క ఆయన్ని బావా అనే పిలిచేది, నేనూ అంతే. ఆయన తిరిగి నన్నూ బావా అనే అనేవాడు. పొలం పని తప్ప మరో పని ఎరగని మా కుటుంబాల్లోంచి మొట్టమొదట పోర్టు పనికి వెళ్లినవాడు ఆయన. డెబ్బైల్లో రేవులో కళాసీగా చేరి బస్తాలు మోసి, కొన్నేళ్లకి సిగ్నల్‌మేన్ అయ్యాడు. నాకు ద్వారకా నగర్‌లో ఓ పుస్తకాల కొట్లో ఉద్యోగం దొరికినప్పుడు, వేరే గది ఎందుకని అక్కే నన్ను తమ ఇంట్లో పెట్టుకుంది. గోపాలపట్నంలో సంత వెనక సందులో రెండు గదుల వాటా, ముందు చిన్న గచ్చు, ఆ గచ్చు మీద బండి.

ఓడలోంచి సరుకు దించేటప్పుడు క్రేను తోలేవాడికి ఓడ కడుపులో ఏం జరుగుతోందో కనపడదు. లోపల అడుగున మనుషులుంటారు. పైన అంచు మీద నిలబడిన సిగ్నల్‌మేన్ చేతులు చూసుకునే అతను సరుకు ఎత్తుతాడు, దించుతాడు, ఆపుతాడు. ఓసారి బావ పాసు సంపాదించి నన్ను లోపలికి తీసుకెళ్లాడు. ఇంట్లో నోరు విప్పితే ఆగకుండా మాట్లాడే మనిషి అక్కడ ఒక్క మాటా లేకుండా, చేతుల్తోనే అంత పెద్ద యంత్రాన్ని ఆడించడం చూసి నోరెళ్లబెట్టాను. వేళ్లు కాస్త కదిపితే సరుకు జానెడు దిగేది. పిడికిలి బిగిస్తే గాలిలోనే ఆగిపోయేది.

ఆ మరుసటి ఏడాది వర్షాలప్పుడు ప్రమాదం జరిగింది. ఎరువు బస్తాలు పైకి లేస్తుండగా వాటిని చుట్టిన తాడు ఓ పక్క తెగడం మొదలైంది. కింద ఓడ అడుగున మనుషులున్నారు. బావ కుడిచెయ్యి పైకెత్తి ఆపమని సైగ చేసి, ఎడమచేత్తో కిందివాళ్లని పక్కకి పొమ్మని ఊపాడు. సరుకు ఊగుతూ తన వైపే వస్తోందని ఆయనకు కనపడుతూనే ఉంది. పక్కకి దూకితే దూకగలడు. కానీ దూకితే క్రేను తోలేవాడికి ఆ చెయ్యి కనపడదు. ఆయన దూకలేదు. సరుకు వచ్చి ఆ భుజానికే కొట్టింది. ఆయన పడిపోయేసరికి క్రేను ఆగింది, కిందివాళ్లు అప్పటికే గోడవారకి చేరారు. ఇదంతా బావ మాకు చెప్పలేదు. ఆస్పత్రికి వచ్చిన కళాసీలు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. వాళ్లలో ఒక పెద్దాయన మా అక్క చేతులు పట్టుకుని ఏడ్చాడు.

కీలు కుదురుకుంది గానీ చెయ్యి భుజం ఎత్తుకి లేవడం మానేసింది. అన్నం కలుపుకోగలడు, బండి హేండిలు పట్టుకోగలడు, బ్రేకు నొక్కగలడు. పక్కకి చాపమంటే మాత్రం మోచెయ్యి నడుం దాటి లేచేది కాదు. పోర్టువాళ్లు ఆయన్ని గోడౌన్లో సరుకు చూసుకునే పనిలో వేశారు. బావ ఆ పనికీ అంతే శ్రద్ధగా వెళ్లేవాడు.

ఇక బండి సంగతి. అది బావ చేతికి వచ్చేసరికే చాలా చేతులు మారిన బండి. ముందు రెండు, వెనక రెండు, నాలుగు పసుపు దీపాలుండేవి. ఎడమకో కుడికో తిరిగేటప్పుడు మినుకు మినుకుమనాల్సిన ఆ దీపాలు ఎప్పుడూ వెలగలేదు. ఎవరికీ పట్టింపు లేదు. అప్పట్లో చెయ్యి చాపితే సరిపోయేది, దీపాలు బండికి అలంకారమనే అందరూ అనుకునేవారు. దెబ్బ తగిలి మళ్లీ బండెక్కిన కొత్తలో బావ కూడా వాటి గురించి ఆలోచించలేదు. ఓ పొద్దున పోర్టు రోడ్డులో కుడివైపు గేటుకి తిరగబోతుంటే, ఈయన తిరుగుతాడని తెలియని లారీ ఒకటి వెనక నుంచి వచ్చి మోకాలికి రాసుకుంటూ వెళ్లింది. స్టీలు ప్లాంటు కట్టుబడి జోరుగా సాగుతున్న రోజులవి, ఇనుప కమ్మీలు మోసే లారీలు రోడ్డంతా అవే. ఇంటికొచ్చి బావ ఆ మాట చెప్పలేదు. చిరిగిన పంట్లాము చూసి అక్క అడిగి అడిగి చెప్పించింది.

బస్సులో వెళ్లమని నేనన్నాను. షిఫ్టు వేళలకి బస్సు అందదని ఆయనన్నాడు. అక్క పొయ్యి మీద గిన్నె దించి, చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“నువ్వు బండి తోలు బావా. సెయ్యి నాను సూపిత్తాను.”

అలా మొదలైంది. పొద్దున్నే వంట ముగించి ఆయనతో బండెక్కి హార్బరు గేటు దాకా వెళ్లేది, అక్కణ్ణుంచి బస్సులు మారి ఇంటికి వచ్చేది. మళ్లీ షిఫ్టు వదిలే వేళకి బస్సెక్కి గేటు దగ్గర నిలబడేది. వానైనా ఎండైనా అంతే. సందులోవాళ్లు కాళ్లు అలా వేసుకుని కూర్చోవడం గురించి గొణిగారు. కంచరపాలెం దగ్గర ఓ ట్రాఫిక్ పోలీసు ఆపి, సిగ్నలు ఇవ్వాల్సింది నడిపేవాడు గానీ వెనకున్నవాళ్లు కాదని అన్నాడట. అక్క బండి దిగి, ఆయన భుజం సంగతి, ఓడ సంగతి మొత్తం అక్కడే చెప్పింది. ఆ తర్వాత వీళ్లు కనపడితే తనే ముందుగా అటువైపు బళ్లు ఆపేవాడు.

అలా కొన్ని నెలలు గడిచాయి. అక్క ఎప్పుడూ అలసిపోయానని అనలేదు. బావకే మనసొప్పలేదు. ఓ ఆదివారం పొద్దున నేను గచ్చు మీద పేపరు చదువుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఈ దీపాలు ఎలిగితే మీ అక్క ఇంటికాడే ఉంటాది గదా బావా,” అన్నాడు. “రోజూ నా ఎనకాల బస్సులంట తిరగతంది. నాను సూడలేకపోతన్నాను.”

మెయిన్ రోడ్డు మీదున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాం. మంచివాడే, ఇంజను పని బాగా చేసేవాడు. ఆ దీపాల జోలికి మాత్రం పోవద్దన్నాడు. పాత వైర్లు కదిపితే హెడ్‌లైటు కూడా పోతుందనీ, అవి పీకించేస్తే బండి చూడ్డానికి తేలిగ్గా ఉంటుందనీ సలహా ఇచ్చాడు. బావ సరేనని తల ఊపి, ఇంటికి రాగానే సీటు విప్పాడు. మా ఇద్దరిలో ఎవరికీ ఆ పని రాదు. ఆయనకు తెలిసిందల్లా ఒకటే. ఏదైనా ఆగిపోతే తొందరపడి అన్నీ కదపకూడదు, ఎక్కడిదాకా బాగుందో ముందు చూసుకుని అక్కణ్ణుంచి ఒక్కొక్కటే ముందుకి వెళ్లాలి. రేవులో పని అలాగే నేర్చుకున్నానని అనేవాడు.

హారను నొక్కాడు, మోగింది. అంటే బేటరీలో ప్రాణం ఉంది. దీపాల మీటకి వచ్చే తీగె వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లి ఒక చిన్న రేకు డబ్బా దగ్గర ఆగాడు. దీపాన్ని ఉండుండి వెలిగించి ఆర్పేది ఆ డబ్బాయే, దాన్ని ఫ్లేషర్ అంటారు. దాని లోపలికి వెళ్లే తీగెనీ బయటికి వచ్చే తీగెనీ ఊడదీసి రెండూ కలిపి పట్టుకోమని నాకిచ్చాడు. మీట ఎడమవైపు తిప్పగానే ఎడమ దీపాలు రెండూ వెలిగాయి. మినుకుమనలేదు, ఊరికే వెలిగి ఉన్నాయి. నేను రోజూ పక్కనుంచే వెళుతున్న బండికి ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో అన్నట్టు చూస్తుండిపోయాను. బావ నవ్వాడు. తీగెలు బాగున్నాయి, డబ్బా చచ్చిపోయింది, అంతే అన్నాడు.

మర్నాడు కొట్టు నుంచి వస్తూ నేను డాబా గార్డెన్స్‌లో కొత్త ఫ్లేషర్ కొన్నాను. ఆరు వోల్టులదే కావాలని బావ నాలుగుసార్లు చెప్పి పంపాడు. అది పెట్టగానే ఎడమవైపు టక్కు టక్కుమంటూ మినుకుమనడం మొదలుపెట్టింది. కుడివైపు తిప్పితే ముందు దీపం ఒక్కటే వెలిగి అలాగే ఉండిపోయింది. వెనకది వెలగలేదు. రెండు దీపాలూ వెలిగితేనే ఆ డబ్బాకి సరిపడా కరెంటు పారుతుందనీ, లేకపోతే అది కదలదనీ ఫ్లేషర్ అమ్మినవాడు నాతో ముందే చెప్పాడు. కాబట్టి వెనక దీపం వెలిగిస్తే మినుకు కూడా దానంతటదే వస్తుంది.

వెనక బల్బు తీసి ఎడమవైపు పెట్టి చూశాం, వెలిగింది. ఎడమదాన్ని కుడివైపు పెట్టాం, వెలగలేదు. తప్పు బల్బులో లేదు. అక్క అప్పటిదాకా గుమ్మంలో బియ్యం ఏరుతూ చూస్తోంది. చేట పక్కన పెట్టి వచ్చి, ఆ దీపం కాడని మడ్‌గార్డుకి బిగించిన చోట గోరుతో గీకింది. ఎర్రటి పొడి రాలింది. మా ఊళ్లో సముద్రపు గాలికి గడపకి కొట్టిన మేకులు కూడా ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. దీపానికి కరెంటు తెచ్చేది తీగె అయితే, తిరిగి వెళ్లేది బండి ఇనుము లోంచే. మధ్యలో తుప్పు అడ్డం పడితే దారి మూసుకుపోయినట్టే. బావ నట్టు విప్పి ఇచ్చాడు. అక్క గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దింది. ఆయన చెయ్యి అంత గట్టిగా ఆడదు కాబట్టి రుద్దే పనులన్నీ ఆమే చేసింది. బిగించి మీట తిప్పితే రెండు దీపాలూ మినుకుమన్నాయి. పొద్దు వాలుతోంది, ఎదురింటి సున్నపు గోడ మీద ఆ పసుపు వెలుగు పడి లేస్తుంటే ఇరుగుపొరుగు కూడా వచ్చి చూశారు. బావ ఇంజను లేకుండానే ఎన్నిసార్లు మీట అటూ ఇటూ తిప్పాడో, బేటరీ అయిపోతుందని అక్క కసిరేదాకా ఆపలేదు.

అయినా మొదటి రోజు ఆమె ఆయన్ని ఒంటరిగా పంపలేదు. ముందు తను వెనక కూర్చుని చూస్తానంది. అది ఎంత మంచిదైందో ఆ రోజే తెలిసింది. రోడ్డు మీద మీట వేసినప్పుడు దీపం చక్కగా మినుకుమంటోంది. సరిగ్గా బండి మలుపు తిరిగే క్షణాన ఆరిపోతోంది. వెనకాల లారీ ఉన్నప్పుడు ఏది కావాలో అదే లేకుండా పోతోంది. ఆ రోజంతా అక్క చెయ్యే చాపింది.

బావకి ఒక అనుమానం వచ్చింది. మలుపులో బండి నెమ్మదిస్తుంది, ఇంజను నెమ్మదిస్తే కరెంటు తగ్గుతుంది, బేటరీ పాతది కాబట్టి ఆరిపోతోంది అని. బేటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయించి, చార్జింగుకి పెట్టించి తెచ్చాడు. తేడా లేదు. గోతుల్లో కుదుపుకి బల్బు కదులుతోందని నేనన్నాను. బల్బు వెనక కాగితం మడిచి బిగించాం. తేడా లేదు. మూడో ఆదివారానికి బావ గొంతులో హుషారు తగ్గింది. మెకానిక్ చెప్పినట్టు పీకించేద్దామా అని కూడా అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. ఓడ మీద దెబ్బ తిన్న రోజు కూడా అంత నీరసంగా మాట్లాడలేదు.

అక్క బండి వెనక్కి వెళ్లి దీపం వైపు చూసింది. అక్కణ్ణుంచే అడిగింది.

“నిన్న రైలు గేటు కాడ బండి ఆగింది గదా. ఇంజను నెమ్మదిగానే ఉంది. మరప్పుడు దీపం ఆరలేదేటి?”

బావ తలెత్తి చూశాడు. గేటు వేసి ఉండగా, అవతల కుడివైపు తిరగాలని ముందే మీట వేసి పెట్టాడట. రైలు వెళ్లేదాకా దీపం మినుకుమంటూనే ఉంది. అది వెనక నుంచి చూసింది అక్కే. ఇంజను నెమ్మదించడం వల్ల కాదు. అక్కడ కుదుపు కూడా లేదు. మరి గేటు దగ్గర లేనిదీ, మలుపులో ఉన్నదీ ఏమిటి?

“హేండిలు తిప్పు బావా,” అంది. “ఇంజను ఎయ్యకు. ఊరికే కుడేపు తిప్పు.”

బావ మీట వేసి, హేండిలు నెమ్మదిగా కుడివైపు తిప్పాడు. సగం తిరిగేసరికి దీపం ఆరిపోయింది. వెనక్కి తెచ్చాడు, వెలిగింది. మళ్లీ తిప్పాడు, ఆరింది. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. బావ బండి మీద నుంచి దిగి వచ్చి, బాగున్న ఎడమచెయ్యి మా అక్క తల మీద వేసి కాసేపు అలాగే ఉంచాడు. మా ఇళ్లలో మొగుడూ పెళ్లాలు మనుషుల ముందు అలా నిలబడరు. నేను టార్చిలైటు తెచ్చే మిషతో లోపలికి వెళ్లాను.

హెడ్‌లైటు విప్పితే లోపల తీగెల కట్ట. హేండిలు తిరిగే చోట ఇనుప అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని ఒక తీగె పైతొడుగు అరిగిపోయింది. లోపలి రాగి పోగులు తెగి రెండో మూడో మిగిలాయి. తిన్నగా ఉన్నప్పుడు అవి అంటుకుని ఉంటున్నాయి, హేండిలు తిరిగితే విడిపోతున్నాయి. అరిగిన ముక్క కోసేసి, కొత్త తీగె కలిపి, మెలిపెట్టి టేపు చుట్టాం. చుట్టడం అక్క పని. ఈసారి తీగె బిగుతుగా లాగకుండా కొంచెం వదులు ఉంచమని బావ చెప్పాడు. అది మళ్లీ అంచుకి ఒరుసుకోకుండా పాత సైకిలు ట్యూబు ముక్క తొడగాలన్న ఆలోచన అక్కది. ఆ ట్యూబు కోసం సందు చివర సైకిలు షాపుకి పరుగెత్తడం ఒక్కటే నేను చేసిన సాయం. తర్వాత హేండిలు ఇటు చివరి నుంచి అటు చివరి దాకా ఎన్నిసార్లు తిప్పినా దీపం ఆరలేదు.

ఆ వారమంతా అక్క వెనక కూర్చునే వెళ్లింది, చెయ్యి మాత్రం చాపలేదు. ఒళ్లో పెట్టుకుని, ప్రతి మలుపులోనూ దీపాన్ని చూస్తూ కూర్చుంది. ఆ పై సోమవారం పొద్దున కేరేజీ బండికి తగిలించి, తను గడప దగ్గరే ఆగిపోయింది. బావ ఒక్కడే బండెక్కి మెల్లగా పోనిచ్చాడు. సందు చివర మెయిన్ రోడ్డు దాకా నేనూ అక్కా నడిచి వెళ్లి నిలబడ్డాం. రోడ్డు మీద దరిదాపుల్లో బళ్లు లేవు, అయినా ఆయన కుడి దీపం వేశాడు. బండి తిరిగి వెళ్లిపోయాక అక్క ఇంటికి రాలేదు, సంత వైపు నడిచింది. ఇన్ని నెలల్లో పొద్దున పూట సంతకి వెళ్లడమే కుదరలేదు, మంచి చేపలన్నీ అయిపోయాకే వెళుతున్నానంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో వంజరం పులుసు.

తర్వాత కొన్నాళ్లకి ఒక కళాసీ తన బండి తెచ్చి గచ్చు మీద పెట్టాడు. అతనికి చేతులు రెండూ బాగానే ఉన్నాయి. బావ బండి దీపాలు చూసి తనకీ కావాలనిపించిందట. అతని వెనక ఇంకొకరు. ఆదివారాలు మా గచ్చు మీద బండి లేని రోజు ఉండేది కాదు. బావ ఎక్కడిదాకా బాగుందో వెతికేవాడు, అక్క తుప్పు గీకి టేపు చుట్టేది, వచ్చినవాళ్లు టీ తాగి కబుర్లు చెప్పి వెళ్లేవారు. ఆ ఇద్దరూ ఒకరి పని ఒకరు అందుకోవడం చూస్తూ కూర్చోవడం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. నాకు పెళ్లయ్యాక మా ఆవిడతో ఏదైనా మాట పట్టింపు వస్తే, ఆ గచ్చు మీద ఆదివారాలే గుర్తు తెచ్చుకునేవాణ్ణి.

ఎనభైల చివర్లో బావ ఆ బండి అమ్మేశాడు. కొన్నది చేపల రేవు దగ్గర ఉండే ఓ కుర్రాడు, తెల్లవారకుండానే రేవులో చేపలు ఎత్తుకుని ఊళ్లో సంతలకి వేసేవాడు. ఇంజను పొగ వస్తుందనీ, మూడో గేరు జారుతుందనీ బావ ఉన్నవన్నీ దాచకుండా చెప్పాడు. కుర్రాడు అన్నిటికీ ఒప్పుకున్నాడు. దీపాలు తనకి అక్కర్లేదనీ, ఆ వేళకి రోడ్డు మీద ఎవరూ ఉండరనీ, అవి తీసేసి బుట్టలు కట్టుకుంటాననీ అన్నాడు. అక్క లోపలి నుంచి వచ్చింది. బుట్టలు ఎలా కడితే దీపాలకి అడ్డం రావో, హెడ్‌లైటు లోపల ఏ తీగె ఎటు వెళుతుందో, ఉప్పుగాలికి తుప్పు ఎక్కడ మొదలవుతుందో ఆ కుర్రాణ్ణి నేల మీద కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో దిక్కులు చూశాడు గానీ, కాసేపటికి తనే ఇది ఊడితే ఏం చెయ్యాలమ్మా అని అడగసాగాడు. ఒకసారి సీటు విప్పించి, మళ్లీ అతని చేతే బిగింపించింది. అప్పుడు గానీ చెంగున కట్టుకున్న తాళంచెవి విప్పి ఇవ్వలేదు.